రేపటి ఊళ్లో చెంబెడు నీళ్లు

మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్లి రావడం కూడా రాసుకోవలసిన ప్రయాణమేనా అని మావారు నవ్వారు. కాశీ వెళ్లినవాళ్లు రాస్తారు, రామేశ్వరం వెళ్లినవాళ్లు రాస్తారు. నేను వెళ్లింది ఇంకా కట్టని ఒక ఊరు చూడడానికి. అలాంటిది చూసినవాళ్లు మా వైపు ఎక్కువమంది లేరు. అందుకని పాప నిద్రపోయాక రోజుకు కాస్త చొప్పున రాస్తున్నాను.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు మాఘమాసంలో, పట్టణాలు ఎలా కట్టుకోవాలో బొమ్మలతోనూ నమూనాలతోనూ చూపించే ప్రదర్శన ఒకటి మద్రాసు నుంచి నరసరావుపేటకు వచ్చింది. దాని కరపత్రం మావారు పాఠాలు చెప్పే హైస్కూలుకు చేరింది. వెడల్పు వీధులు, మురుగు నిలవని కాలువలు, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు, స్త్రీలకు మధ్యాహ్నం వేరే సమయం. చదివిన క్షణం నుంచి నాకు ఒకటే పట్టుదల. మా అత్తయ్యను తీసుకెళ్లి చూపించాలి.

ఎందుకంటే, మేముండేది ఒక ఇరుకు సందులో. వానలు వెనకబట్టి నెలలు గడిచినా మా గుమ్మం ముందు నీళ్లు ఉంటాయి, వాటిలో దోమపిల్లలు ఉంటాయి. మా పాప విమలకు ఏడాది. ఆ ఏడు రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. రెండోసారి మూడు రోజులు సరిగా కళ్లు తెరవలేదు. "క్వినైను నేనిస్తాను. నీళ్లు నిలవని చోటు మాత్రం మీరే చూసుకోవాలి" అన్నారు డాక్టరుగారు. సరిగ్గా అప్పుడే సందు వెడల్పు చేస్తామనీ, ఇష్టపడి ఇల్లు వదులుకున్నవాళ్లకు స్టేషను అవతల కొత్తగా గీసిన వీధుల్లో స్థలం ఇస్తామనీ పంచాయతీవాళ్లు చాటించారు. నెలాఖరులోగా ఒప్పుదల కాగితం ఇవ్వాలి. ఇల్లు అత్తయ్య పేరున ఉంది. ఆమె వేలిముద్ర లేనిదే ఏదీ కదలదు.

అత్తయ్య జవాబు ఒకటే. "ఈ రాయి దాటి నేను యాడికీ రాను."

ఆ రాయి మా గుమ్మం ముందున్న నాపరాయి. మనిషి నిలువంత పొడుగు. మామయ్య నాపరాళ్లు పరిచే మేస్త్రీ. మాచర్లలో ఆయన పరిచిన ఇళ్లు ఇప్పటికీ పేరు పెట్టి చెబుతారు. పోయే ముందు ఆఖరున పరిచింది ఆ రాయే. దాన్ని కదిలించే మాట ఎవరెత్తినా అత్తయ్యకు ముక్కు ఎర్రబడుతుంది. నిలవ నీళ్ల మాటెత్తితే మాత్రం ఎదురింటి సుబ్బమ్మను తిడుతుంది, కుడితి నీళ్లన్నీ మా వైపే వదులుతుందని.

గాలి, వెలుతురు, ఆరోగ్యం అని నేను చెప్పిన ఏ మాటకూ ఆమె లొంగలేదు. "మద్రాసువాళ్లు నేల ఎలా పరుస్తారో చూపిస్తారట అత్తయ్యా" అన్నాను ఆఖరికి.

"వాళ్లకేం తెలుసంట నేల సంగతి?" అంది. మర్నాటికి తన ఇత్తడి చెంబు తోమి సంచిలో పెట్టుకుంది. మగతోడు లేకుండా పంపడం ఎలాగని మావారు కాసేపు నసిగారు గాని, పిల్లలకు పరీక్షలు పెట్టే రోజులు కావడంతో ఆయన రాలేకపోయారు.

కారంపూడి దాకా

మా బస్సు బొగ్గు మీద నడిచేది. యుద్ధం ముగిసినా మా రోడ్డు మీద పెట్రోలు ఇంకా కరువే. వెనక బాయిలరు, దాని పక్కన చక్రం తిప్పుతూ చెమటలు కక్కే క్లీనరు. చదువుకున్న అమ్మల భయాలన్నీ నా సంచిలో ఉన్నాయి. కాచి చల్లార్చిన నీళ్ల సీసాలు రెండు, దోమతెర, క్వినైను, ఉన్ని టోపీ. ఫర్లాంగు రాయి కనబడినప్పుడల్లా పాప నుదురు తాకి చూస్తున్నాను. నా చెయ్యి తగిలి అది మూడుసార్లు నిద్ర లేచింది.

"ఏందమ్మాయ్, అట్టా తాకి తాకి నువ్వే జ్వరం తెప్పిచ్చేట్టున్నావే" అంది అత్తయ్య.

ఒక ఎత్తు దగ్గర బస్సు ఆగిపోయింది. అందరూ దిగి తొయ్యమన్నాడు డ్రైవరు. మగవాళ్లు దిగారు. అత్తయ్య కదలలేదు.

"అమ్మా, కాస్త బరువు తగ్గిద్ది, దిగమ్మా."

"కూకోటానికిచ్చాను నాయనా డబ్బులు. తొయ్యటానికైతే నువ్వే నాకియ్యాల."

బస్సంతా నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి, ఆమెతో సహా బండిని ఎత్తెక్కించాడు. నాగులేరు దాటి కారంపూడి చేరేసరికి పాప ముక్కు మీద బొగ్గు మసి, నా తెల్లచీర బూడిద రంగు.

కారంపూడి హోటల్లో ఇడ్లీలు అణాకు రెండు. అవి నేను పాపకు తుంచి పెట్టాను. పక్క పందిట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల పచ్చడి అమ్ముతుంటే అత్తయ్య అటు వెళ్లింది. ఆ పచ్చడి కారం గురించి నేనేమీ రాయలేను. ఒక్కసారి నాలుకకు రాసుకుని, పాప కోసం తెచ్చిన కాచిన నీళ్ల సీసా ఒకటి నేనే ఖాళీ చేశాను.

బస్సు చల్లారేదాకా రేగుపళ్ల గంప పెట్టుకున్న ఒకామె మా పక్కన కూర్చుంది.

"యాడికమ్మా పిల్లనేసుకొని?"

"ఊరు చూడ్డానికి."

"ఏ ఊరు?"

"ఇంకా కట్టలేదు. ఎలా కట్టాలో చూపిస్తారట."

ఆమె సోలలో పళ్లు కొలవడం ఆపి మా అత్తయ్య వైపు చూసింది, నాకు మతి ఉందా లేదా అన్నట్టు. అత్తయ్య భుజాలెగరేసింది. ఇళ్లన్నీ వరసగా, ఒకే తీరుగా ఉంటాయని నేను వివరించాను.

"ఒకే తీరుగానా? అయితే మా ఊరికొద్దు తల్లీ. మా ఆయన తాగొచ్చి ఎవురింటో దూరతాడు. ఇప్పుడంటే వేపచెట్టు చూసుకొని వస్తన్నాడు."

మేం కొన్న సోలెడు మీద ఇన్ని పెద్ద పళ్లు పాప ఒళ్లో పోసింది, కొసరుగా. పాప వాటిని నోట్లో పెట్టుకోకుండా నరసరావుపేట దాకా నేను కాపలా కాశాను.

ఎస్తేరు ఇల్లు

నరసరావుపేటలో మేం దిగింది నాతో గుంటూరు కాలేజీలో చదివిన ఎస్తేరు ఇంట్లో. మిషను స్కూల్లో టీచరు. వాళ్లమ్మగారూ తనూ ఉంటారు. మా దగ్గర ప్రహరీలు, పశువుల కొట్టాలు కూడా నాపరాయితోనే కడతాం. ఇక్కడ చాలా ఇళ్లు మట్టిగోడలు, పెంకులు. ఎస్తేరు ఇంట్లో మాత్రం నేల నాపరాయి.

కాళ్లు కడుక్కోమని పెరట్లో నీళ్లిచ్చారు. అత్తయ్య కాళ్లు కడుక్కుని లోపలికి రాలేదు. చెంబులో మిగిలిన నీళ్లు ఆ రాళ్ల మీద పోసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నీళ్లు చకచకా గోడ వారగా పారి, తూములోంచి అరటిపాదులోకి పోయాయి.

ఇది మా ఇంటివాళ్ల అలవాటు. రాళ్లు పరిచేవాళ్ల ఇళ్లలో చెంబెడు నీళ్లు పోసి చూడకుండా ఏ నేలనూ నమ్మరు. నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడ పని చెడినట్టు. నా పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి వచ్చినప్పుడు కూడా అత్తయ్య మా వసారాలో చెంబెడు పోసింది. మా నాన్నగారు చెయ్యి జారిందనుకుని తుడవబోయారు.

"వాటం బాగుంది. పరిచినోడు పనోడు" అంది అత్తయ్య. వాటమంటే నీళ్లు పారే వాలు.

అయినా ఆ సాయంత్రం ఆ ఇంట్లో అన్నం తినలేదు. ఉపవాసమంది. ఏ తిథికి ఉపవాసమో ఎస్తేరు అడగలేదు, నేను చెప్పలేదు. అటుకులు నానబెట్టుకుని తింది. నాకు సిగ్గేసింది. ఎస్తేరు వాళ్లమ్మగారు మాత్రం "అలవాటు లేని చోటయినా ఆకలి ఆకలే లేమ్మా" అని రెండు అరటిపళ్లు ఆమె పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ప్రదర్శన

మర్నాడు మధ్యాహ్నం ఎస్తేరు మమ్మల్ని ప్రదర్శన పెట్టిన స్కూలుకు తీసుకెళ్లింది. ఆడవాళ్ల వరస రోడ్డు దాకా ఉంది. నాలుగు గదుల్లో పెట్టారు.

మొదటి గదిలో పెద్ద పెద్ద నగరాల ఫోటోలు. విమానంలోంచి తీసిన ఒక నగరం ముందు గుంపు ఆగిపోయింది. గీత గీసినట్టు వీధులు, పెట్టెల్లాంటి ఇళ్లు.

"మడుసులు లేరేందే ఈ ఊళ్లో?"

"తెల్లారే తీశారేమో. ఇంకా లేవలా."

రెండో గదిలో నరసరావుపేట పటమే గోడంతా పరిచి ఉంది. దాని ముందు జరిగిన గలాటా చెప్పలేను. అందరూ తమ ఇల్లు వెతుక్కునేవాళ్లే. ఒకావిడ వేలుతో పటం మీద పొడుస్తూ, "మా ఆడబిడ్డ ఇల్లు గీశారు, మాది గీయలా. ఇది ఆమె చెప్పి చేయించిన పనే" అంటోంది.

మూడో గదిలో నిజమైన కొలతలతో ఒక వంటిల్లు. నిలబడి వండే పొయ్యి, పొగగొట్టం, ఎత్తయిన కిటికీ. చెక్కా గుడ్డా తప్ప ఏమీ లేని ఆ వంటింట్లో అడుగుపెట్టే ముందు ఆడవాళ్లందరూ కాళ్లకు నీళ్లడిగారు. పాపం అక్కడి నౌకరు బిందె తెచ్చి పెట్టాడు. ఆ కిటికీ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పొగ లేని వంటింట్లో విమల ఆడుకోవడం ఊహించుకున్నాను. "అత్తయ్యా, చూశారా ఎంత వెలుతురో" అన్నాను. "పచ్చడి జాడీలు ఏడ పెడతారంట?" అంది ఆమె. అలమర లేదు. నిజమే.

నాలుగో గదిలో ఉంది రేపటి ఊరు.

నాలుగు బల్లలు కలిపి వాటి మీద సున్నపు ముద్దతో చేసిన ఊరు. అగ్గిపెట్టెలంత ఇళ్లు, రంగు వేసిన రంపప్పొట్టు పచ్చిక, అగ్గిపుల్లల చెట్లు. ప్రతి వీధికీ రెండు వైపులా సన్నని కాలువ గాడి, అన్నీ ఒక పెద్ద కాలువలో కలిసి ఊరి చివర తోటలోకి పోతాయి. మద్రాసు నుంచి వచ్చిన నక్షాలు గీసే యువకుడు కర్రతో చూపిస్తూ చెబుతున్నాడు. ఇది బడి. ఇది ప్రసూతి ఆసుపత్రి. ఇది పార్కు, సాయంత్రం కుటుంబాలు వచ్చి కూర్చుంటాయి.

"మేకలు కూడా" అంది ఎవరో.

అతను నవ్వాడు. "అన్నిటికన్నా ముఖ్యం ఈ కాలువలు. వీటి వాలు లెక్క కట్టి వేశాం. ఎంత వాన కురిసినా ఈ ఊళ్లో ఒక్క చుక్క నీరు నిలవదు."

ఆ మాట కోసమే కదా నేను ఇంత దూరం వచ్చింది! విన్నారా అన్నట్టు అత్తయ్య వైపు తిరిగాను. ఆమె అప్పటికే బల్ల దగ్గరికి చేరింది.

"ఒక్క చుక్కా?"

"ఒక్క చుక్క కూడా నిలవదమ్మా."

నేను ఆపే లోపలే, వంటింటి బిందెలో ఎప్పుడు నింపుకుందో, చేతిలోని చెంబును రేపటి ఊరి మీద వంచింది.

గది గదంతా "అయ్యో" అంది. నీళ్లు వీధుల వెంట పరుగెత్తాయి. గాడుల్లోంచి కదలి, పెద్ద కాలువ దాకా చక్కగా పోయి, అక్కడి నుంచి తోట వైపు పోకుండా వెనక్కి తిరిగి ప్రసూతి ఆసుపత్రి చుట్టూ చేరాయి. ఒక అగ్గిపుల్ల చెట్టు తేలుతూ వచ్చి ఆసుపత్రి గుమ్మానికి ఆనుకుంది. పచ్చిక రంగు కరిగి నీళ్లు ఆకుపచ్చగా అయ్యాయి.

నేను పాపను ఎస్తేరు చేతికిచ్చి, పాప తువ్వాలుతో ఊరు తుడవడం మొదలుపెట్టాను. ఆ యువకుడి ముఖం తెల్లబోయింది. "ఏమిటమ్మా ఇది! మూడు నెలలు చేశాం దీన్ని!" అన్నాడు. చొక్కా చేతితో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఆగు నాయనా, ఏడవబాక." అత్తయ్య ఒక కన్ను మూసి బల్ల అంచుకు ముఖం ఆనించి చూసింది. "రసమట్టం ఉందా నీ దగ్గర?"

"మద్రాసులో మట్టం చూసే చేశాం."

"మద్రాసులో బాగానే ఉండుద్ది. ఇది పేట."

ఆమె కింద కూర్చుని బల్ల కాళ్లు ఒక్కొక్కటే తడిమింది. నాలుగో బల్ల కాలు కింద నేలరాయి దిగిపోయి ఉంది, వేలు మందాన. చెయ్యి పెట్టి చూడమని అతన్ని పిలిచింది. అతను తెల్ల ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి దూరాడు. అక్కడ ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మాకు కాళ్లే కనిపించాయి. బయటి నుంచి రాతి చిప్ప ఒకటి తెప్పించి కాలు కింద దోపారు.

బయటికి వచ్చి అతను జుట్టు దులుపుకున్నాడు. నన్ను తువ్వాలు తీసెయ్యమన్నాడు. నౌకరు బిందెలోంచి చెంబు తానే నింపి అత్తయ్యకు అందించాడు.

"మళ్లీ పొయ్యండమ్మా."

ఈసారి పైనున్న వీధిలో సన్నగా ధార కట్టింది. నీళ్లు గాడిలోంచి గాడిలోకి, బడి పక్కగా, ఆసుపత్రి పక్కగా, ఒక్కచోట తడబడకుండా పోయి తోటలో దిగాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అతను కూడా కొట్టాడు.

"నీ పనిలో తప్పు లేదు నాయనా" అంది అత్తయ్య. "పనోడివే. కింద నేల దిగింది."

ఆ మాట అన్నాక ఆమె చెంబు సంచిలో పెట్టేసుకుంది. బల్ల వైపు మళ్లీ చూడలేదు. పాపను ఎత్తుకుని మెట్ల మీద కూర్చుంది.

ఆ సాయంత్రం ఎస్తేరు ఇంట్లో విస్తరి వేసే ముందు వాళ్లమ్మగారు, "ఇవాళ కూడా ఉపవాసమేనా వదినా?" అని అడిగింది.

"నీళ్లు పారే ఇల్లు, అన్నం తింటే ఏం బోయె?" అని పీట లాక్కుంది అత్తయ్య. గోంగూర రెండుసార్లు అడిగి వేయించుకుంది.

తిరుగు దారి

మూడో రోజు బస్సుకు ముందు, పాప తువ్వాలు అక్కడే మరిచిపోయానని మళ్లీ ప్రదర్శనకు వెళ్లాను. తువ్వాలు దొరకలేదు. కాని నాలుగో గదిలో రేపటి ఊరి పక్కన ఒక స్టూలు, స్టూలు మీద కొత్త చెంబు, గోడకు అట్టముక్క ఉన్నాయి. "నీళ్లు పోసి చూడవచ్చును." పచ్చిక రంగు పూర్తిగా పోయింది. అతను దాని గురించి పట్టించుకున్నట్టు లేడు. పోసేవాళ్లు వరసలో ఉన్నారు.

బస్సులో అత్తయ్యకు ఈ సంగతి చెబితే ఊఁ అంది, అంతే. "స్థలం సంగతి ఏమంటారు?" అని అడిగితే కిటికీలోంచి చూసింది. కారంపూడిలో రేగుపళ్లామె పలకరిస్తే తల మాత్రం ఊపింది. ఎత్తు దగ్గర బస్సు ఆగితే, తనంతట తానే దిగి నడిచింది. డ్రైవరుకే ఆశ్చర్యం వేసింది.

నెలాఖరుకు ఆరు రోజులుంది. పాప ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. ఎండ వల్లనే అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ప్రతి ఫర్లాంగు రాయి దగ్గరా తాకి చూశాను.

మా గుమ్మం

సందులోకి వచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. మావారు ఎదురొచ్చి సంచులు అందుకున్నారు. అత్తయ్య గుమ్మం ఎక్కలేదు. లోపలి నుంచి నీళ్లు తెమ్మంది, కాళ్లకనుకుని తెచ్చాను. చెంబు అందుకుని, గుమ్మం ముందున్న ఆ రాయి మీద, మామయ్య రాయి మీద, నెమ్మదిగా పోసింది.

ఈ ఇంటికి వచ్చిన నాలుగేళ్లలో ఆమె పరాయి నేలల మీద నీళ్లు పోయడం ఎన్నోసార్లు చూశాను. ఆ రాయి మీద పోయడం ఎప్పుడూ చూడలేదు.

నీళ్లు సందు వైపు పోలేదు. వెనక్కి జారి, రాయికీ మా గోడకూ మధ్య గుంటలో చేరాయి. దోమలు లేచాయి.

ఎదురింటి అరుగు మీద సుబ్బమ్మ బియ్యం ఏరుతోంది. అత్తయ్య అటు తిరిగి, "ఏమే సుబ్బమ్మా" అంది.

"మళ్లీ ఏంది వదినా? ఇయ్యాల నేను చుక్క కూడా వదల్లా!"

"నువ్వు కాదులేవే. తప్పు మా రాయిది. ఇన్నేళ్లూ నిన్నన్నాను, మనసులో పెట్టుకోబాక."

సుబ్బమ్మ చేట పక్కన పెట్టేసింది. అత్తయ్య రాయి మీద కూర్చుని అరచేత్తో తడి తుడిచింది.

"ఇది పరిచిన రోజున మీ మామయ్య నీళ్లు పోసి చూపిచ్చాడమ్మాయ్. చక్కగా పారినయ్యి. ఆ తరవాత నేనే పొయ్యలా. ఒకేళ నిలిస్తే, పోయినోడి పని చెడిందనాల్సొచ్చుద్ది గదా." రాయి అంచు వేళ్లతో తడిమింది. "ఆయన వంకర పరవలా. కింద నేల దిగింది."

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. విమల దేకుతూ వచ్చి మా ఇద్దరి మధ్య ఆ తడిలో చేతులు ఆడించింది. ఆ ఒక్కసారి నేను దాన్ని వెనక్కి లాగలేదు.

"ఎత్తిచ్చండి దీన్ని" అంది అత్తయ్య కొడుకుతో. "పగలగొట్టకుండా. ఆడ కొత్తింటి గుమ్మం ముందు ఇదే వెయ్యాల. వాటం నేను చూసుకుంటా."

మర్నాడు రాయి లేపితే కింద పందికొక్కులు తవ్విన బొరియలు ఉన్నాయి. ఇప్పుడది గోడకు ఆనించి ఉంది, కొత్త ఇల్లు లేచేదాకా. పాప దాన్ని పట్టుకుని నిలబడుతోంది.

ఆ ప్రదర్శన ఇంకా కొన్ని ఊళ్లు తిరుగుతుందని విన్నాను. మీ ఊరికి వస్తే తప్పకుండా వెళ్లండి. పచ్చిక పోయినా, ఆ ఊరు బాగుంటుంది. పచ్చడి జాడీల అలమర గురించి మీరు కూడా ఒక మాట చెబితే మేలు.

గడువు లోపలే ఒప్పుదల కాగితం ఇవ్వడానికి అత్తయ్యా నేనూ పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. అంతకు కాస్త ముందే ఆమె స్టేషను అవతలి స్థలాలన్నీ చెంబుతో తిరిగి, నీళ్లు పోసి చూసి, మాకు ఏది కావాలో తేల్చుకుని వచ్చింది. గుమాస్తా సిరా బిళ్ల ముందుకు జరిపి, ఆమె బొటనవేలు పట్టుకుని మళ్లీ వదిలేశాడు.

"చెయ్యి తడిగా ఉంది మామ్మా. కాసేపు ఆరనియ్యి, ముద్ర సరిగా పడదు."

"ఆరేదాకా కూకుంటే నా మనసు మారిద్ది నాయనా" అంది అత్తయ్య. "ఇట్టానే ఎయ్యనీ."

ముద్ర కాస్త అలుక్కుపోయింది. పక్కన చిన్న నీటి మరక కూడా పడింది. అయినా తీసుకున్నారు.